తప్పు చేసిన చేతి దగ్గరే ఆగిపోతున్న దర్యాప్తు: నార్వే మత్స్య డైరెక్టరేట్‌కు, సాల్మన్ కంపెనీలకు బహిరంగ లేఖ

బెర్గెన్‌లోని మత్స్య డైరెక్టరేట్ అధికారులకు, సాల్మన్ పెంపకం కంపెనీల యాజమాన్యాలకు,

నమస్కారం.

కేజ్‌లోంచి చేపలు తప్పించుకున్నాయన్న కబురు వచ్చాక ఏమేం జరుగుతాయో ఈ తీరంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చు. ఫోన్లు మోగుతాయి. తిరిగి పట్టుకోవడానికి వలలు దించుతారు. కంపెనీ విచారం వ్యక్తం చేస్తుంది. కొన్ని వారాలకు కారణం తేలుతుంది: ఫలానా పనివాడు చేయకూడనిది చేశాడు, లేదా చేయాల్సింది మరిచిపోయాడు. అతనికి మళ్లీ శిక్షణ ఇస్తారు. ఫైలు మూసేస్తారు. నా అభ్యంతరమంతా ఈ చివరి రెండు పనుల మీదే.

నేను కేజ్ వలలను నీటి అడుగున నడిచే కెమెరా రోబోతో తనిఖీ చేస్తుంటాను. హిత్రా, ఫ్రోయా దీవుల చుట్టుపక్కలే నా పని. మాది భీమవరం దగ్గర ఓ ఊరు, ఇంట్లో ఇప్పటికీ చెరువులున్నాయి. ఈ లేఖ నార్వేజియన్ ప్రతి మీకు విడిగా అందుతుంది. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. ఆక్వా చదువులు చదివి ఇటు ఉద్యోగాలకు వస్తున్న మన పిల్లలు, మన జలాశయాల్లో కేజ్‌లు వేయిస్తున్న వాళ్లు దీన్ని చదవాలని నా కోరిక.

వాళ్ల కోసమే ముందుగా కొంచెం చెప్పాలి. ఇక్కడ కేజ్ అంటే ఇనప బోను అనుకోవద్దు. నీటి మీద తేలే లావుపాటి ప్లాస్టిక్ పైపుల చట్రం, చుట్టుకొలత మామూలుగా 160 మీటర్ల దాకా ఉంటుంది. దానికి లోతుగా వేలాడే వల. ప్రవాహానికి వల ముడుచుకుపోకుండా అడుగున బరువైన వలయం ఒకటి, దాన్ని పై చట్రానికి కలుపుతూ చుట్టూ తాళ్లు, గొలుసులు. చట్టం ప్రకారం ఒక్కో కేజ్‌లో 2,00,000 చేపలకు మించి ఉండకూడదు. ఇంకో లెక్క చూడండి. సముద్రంలో ఎదిగి, గుడ్లు పెట్టడానికి నార్వే నదులకు తిరిగి వచ్చే సహజ సాల్మన్ ఈ మధ్య ఏళ్లలో దేశం మొత్తం మీద 5 లక్షల లోపే. నిండుగా ఉన్న మూడు కేజ్‌లను పక్కపక్కన పెడితే ఈ దేశపు నదులన్నింటికీ వచ్చే చేపలకంటే వాటిలోవే ఎక్కువ. 1970లో హిత్రాలో గ్రోంట్‌వెట్ సోదరులు సముద్రంలో తేలే కేజ్‌లో సాల్మన్ పిల్లలు వేసినప్పుడు ఈ నిష్పత్తి ఇలా తలకిందులవుతుందని ఎవరూ ఊహించి ఉండరు.

తప్పించుకున్న చేప చచ్చిపోతే నష్టం కంపెనీది, అంతటితో సరి. చిక్కల్లా బతికి నదెక్కినప్పుడే. తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన ఈ చేపకు గబగబా పెరగడం వచ్చు, నదిలో సంసారం చేయడం రాదు. నైరుతి నార్వేలోని ఇంసా నదిలో చేసిన ప్రయోగంలో, తన సంతానాన్ని మళ్లీ పెద్ద చేపల దాకా నిలబెట్టుకోవడంలో పెంపకపు సాల్మన్ సామర్థ్యం సహజ సాల్మన్‌తో పోలిస్తే 16 శాతమే అని తేలింది. ఆ 16 శాతమే చాలు నది చేపను మార్చడానికి. వేల ఏళ్లుగా ఒక్కో నదికి ఒక్కో తీరుగా కుదురుకున్న జాతుల్లోకి ఈ రక్తం కలుస్తోంది. పరీక్షించిన నార్వే నదుల్లో సుమారు మూడింట రెండు వంతుల్లో పెంపకపు చేపల జన్యువుల జాడ కనిపించింది. 2021లో నార్వే తన ఎర్ర జాబితాలో సహజ సాల్మన్‌ను ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా చేర్చింది. 2024 జూన్‌లో 33 నదుల్లో సాల్మన్ వేటను నడి సీజన్లో ఆపేయాల్సి వచ్చింది. దానికి తప్పించుకున్న చేపలొక్కటే కారణమని నేను అనను. సాల్మన్ ఒంటికి అంటుకుని బతికే సముద్రపు పేను ఉంది, సముద్రంలో వస్తున్న మార్పులున్నాయి. కానీ కారణాల్లో మన చేతిలో ఉన్నవి కొన్నే, వాటిలో ఇదొకటి.

మీరు చేసింది తక్కువేమీ కాదు, అది ముందు ఒప్పుకోవాలి. 2000ల మొదట్లో ఏటా 6 లక్షలకు పైగా సాల్మన్ తప్పించుకునేవి. తుఫాను వస్తే లంగర్లు తెగేవి, చట్రాలు విరిగేవి. 2003లో ఎన్ఎస్ 9415 ప్రమాణం తెచ్చారు, మరుసటి ఏడు నైటెక్ నిబంధన అమల్లోకి వచ్చింది. ఏ చోట ఎంత అల, ఎంత ప్రవాహం ఉంటాయో కొలిచి, అందుకు తట్టుకునే చట్రం, వల, లంగరు మాత్రమే వాడాలన్నారు. 2006లో తప్పించుకునే ఘటనలను పరిశీలించడానికి ప్రత్యేకంగా ఒక కమిషన్ వేశారు. 2007–2009 నాటికి ఏటా తప్పించుకునేవి 2 లక్షల లోపుకు దిగాయి, అదీ కేజ్‌లలో చేపల సంఖ్య బాగా పెరిగిన రోజుల్లో. చేప తప్పించుకుందని అనుమానం వచ్చినా సరే వెంటనే తెలియజేయాలన్న నిబంధన, ఆ లెక్కలను జనం ముందు పెట్టే అలవాటు మరే దేశమూ మీకు నేర్పలేదు. ప్రపంచంలో చేపల పెంపకం చేసే దేశాలు చాలావాటికి తమ చేపలు ఎన్ని పోయాయో తెలియనే తెలియదు.

చట్రం గట్టిపడ్డాక మిగిలింది మనిషి. 2010 నుంచి 2018 దాకా జరిగిన 305 ఘటనలను, వాటిలో పోయిన 19.6 లక్షల చేపల లెక్కను సింటెఫ్ అనే పరిశోధన సంస్థవాళ్లు కూలంకషంగా పరిశీలించారు. సముద్రపు కేజ్‌ల నుంచి పోయిన చేపల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు వలకు పడిన కన్నాల గుండానే పోయాయి. కన్నం దానంతటది పడదు. బరువులు ఎత్తి దించేటప్పుడు, వల లాగేటప్పుడు, పేను తీయించేటప్పుడు, బోటు దగ్గరికొచ్చినప్పుడు పడుతుంది. అంటే ఎవరో ఒకరి చేయి అక్కడ ఉంటుంది. ఆ చేయి దొరకగానే దర్యాప్తు ఊపిరి పీల్చుకుంటుంది.

నేను దగ్గర్నుంచి చూసిన ఒక సంగతి చెబుతాను. కంపెనీ పేరు, చోటు పేరు ఇక్కడ అనవసరం. చలికాలం. పేను తీసే బోటు పని ముగించుకుని ముందు రాత్రే వెళ్లిపోయింది. పొద్దున్న నేను రోబోను వల గోడ వెంట నిదానంగా దించుతున్నాను. కొంత లోతుకు వెళ్లాక, నిలువు తాడు పక్కన వల కళ్లు ఒకచోట మసకగా కనిపించాయి. కెమెరా మీద నీటి తెర ఏమోననుకుని దగ్గరికి పోనిచ్చాను. నైలాన్ పోగులు రేగి నిలబడి ఉన్నాయి, నాసిరకం పురికొస కొసలా. దాని కింద మూరెడు చీలిక. దీపం వెలుగులో ఒక చేప అక్కడిదాకా వచ్చి, మూతి ఆనించి, తిరిగి గుంపులోకి వెళ్లిపోయింది. దాని వెనక వచ్చింది వెళ్లలేదు. అలా దూరి, తోక ఒక్కసారి కొట్టి, చీకట్లోకి పోయింది. తెర మీద చూస్తూ నేను చేయగలిగిందల్లా పైన ఉన్నవాళ్లకు కేకేయడమే.

తర్వాత రిపోర్టులో రాసిన కారణం ఇది: అడుగు వలయాన్ని పైకెత్తేటప్పుడు వించ్ (తాళ్లు లాగే యంత్రం) నడిపిన కుర్రాడు ఒక వైపు ముందుగా లాగేశాడు, వలయం వాలింది, గొలుసు వలకు ఒరుసుకుంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ కుర్రాడు లిథువేనియా నుంచి వచ్చాడు, పనిలో మెలకువ ఉన్నవాడే. ఆ తర్వాత కాఫీ గదిలో కూర్చున్నప్పుడు మిగతా కథ చెప్పాడు. అంతకుముందు అతను నడిపిన బోటులో మీట దగ్గరికి లాక్కుంటే తాడు పైకొచ్చేది, ఈ బోటులో ముందుకు నెడితే పైకొస్తుంది. నలుగురు చేసే పనికి ఆ రాత్రి ముగ్గురే ఉన్నారు, నాలుగోవాడికి జ్వరం. వలయం సమంగా వస్తోందా లేదా అని చట్రం అవతలి వైపు నిలబడి చూసి చెప్పాల్సింది ఆ నాలుగోవాడే. గాలి పెరుగుతోంది. పక్కన వెల్‌బోటు, అంటే చేపలను బతికుండగానే తనలోకి తీసుకునే బోటు, బాడుగ మీటరు తిరుగుతోంది, తెల్లారేసరికి అది ఇంకో కేజ్‌కు వెళ్లాలి. ఎలా చేయాలో రాసిన కాగితం నార్వేజియన్‌లో ఉంది. అతను చదవగలడు, కానీ సోడియం దీపం కింద, తడి గ్లవుజులతో, ఊగే డెక్ మీద చదవలేడు. నిజానికి ఎవరూ చదవరు.

ఇందులో ఒక్కటీ రిపోర్టుకెక్కలేదు. దాచాలని ఎవరూ పన్నాగం పన్నలేదు. అడిగినవాళ్లు లేరు, అంతే. అతనికి మళ్లీ శిక్షణ ఇచ్చారు, అతను మళ్లీ అదే బోటు ఎక్కాడు. మీట తీరు మారలేదు. ఇప్పుడు అతను జాగ్రత్తగానే ఉంటాడు. అతని స్థానంలో రేపు ఇంకో బోటు నుంచి వచ్చేవాడి సంగతేమిటి?

ట్రోండ్‌హైమ్‌లోని పరిశోధకులు కేజ్‌ల మీద పనిచేసేవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించినప్పుడు కూడా బయటికొచ్చినవి ఇలాంటివే: వాతావరణం, తొందర, పరికరాల తీరు, మనుషుల కొరత, ఎవరికి ఎవరు ఏం చెప్పారన్నది. ఈ కారణాలు వలకు కన్నం పడటంతోనే ఆగవు. నార్వేలో చేపల వేట తర్వాత ప్రాణాలకు ఎక్కువ ముప్పున్న ఉద్యోగాల్లో మాది ఒకటి. వల చిరిగిన రాత్రీ, వేలు నలిగిన రాత్రీ పక్కపక్కన పెట్టి చూస్తే అవే పరిస్థితులు. భద్రతకు ఒక ఫైలు, తప్పించుకున్న చేపలకు ఒక ఫైలు పెట్టి, రెంటినీ రెండు వేర్వేరు బీరువాల్లో దాచడం ఎందుకో నాకు అర్థం కాదు.

కారణం చేయి కాకుండా పైన ఎక్కడో ఉన్న ఘటన కూడా ఒకటుంది. అది ఇక్కడిది కాదు గానీ, మీకు బాగా తెలిసిందే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, సైప్రస్ దీవి దగ్గర 2017 ఆగస్టులో కుక్ ఆక్వాకల్చర్ కేజ్‌లు కుప్పకూలాయి. అట్లాంటిక్ సాల్మన్ ఆ సముద్రానిది కాదు, తెచ్చి పెంచుతున్న జాతి. సూర్యగ్రహణం వల్ల పోటు మరీ ఎక్కువగా వచ్చిందని కంపెనీ మొదట చెప్పింది. పాపం, రాహుకేతువుల మీదికి నెట్టే అలవాటు మనకే ఉందనుకునేవాణ్ని. రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు దర్యాప్తు చేసి 2018 జనవరిలో రిపోర్టు ఇచ్చాయి. ఆ రోజుల్లో పోటు అసాధారణమేమీ కాదు. వలలకు పట్టిన ఆల్చిప్పలు, పాచి, ఇతర జీవుల బరువు 110 టన్నులు. శుభ్రం చేయని వల కళ్లు మూసుకుపోయి, ప్రవాహానికి తెరచాపలా ఎదురు నిలిచింది. తప్పించుకున్నవి 1,60,000 అని కంపెనీ లెక్క. ప్రభుత్వ లెక్కలో 2,43,000 నుంచి 2,63,000 దాకా. లమ్మీ తెగ మత్స్యకారులు తమ వేట మానుకుని వేల కొద్దీ ఆ చేపలను పట్టాల్సి వచ్చింది. కంపెనీకి 3,32,000 డాలర్ల జరిమానా పడింది. ఆ తర్వాత రాష్ట్ర శాసనసభ తమ నీళ్లలో పరాయి జాతి చేపల కేజ్‌లనే నిషేధించింది.

అక్కడ తప్పు ముడి వేసిన పనివాడు లేడు, తప్పు మీట నొక్కినవాడూ లేడు. వలలు కడగడం వెనకబడుతోందని తెలిసీ చేపలను అందులోనే ఉంచిన నిర్ణయం ఉంది. అదీ మనుషులు చేసిన తప్పే. కానీ దాన్ని అలా రాయడం కష్టం, ఎందుకంటే దానికి ఒక్కరి సంతకం ఉండదు. కేజ్ మీద జరిగే తప్పుకు పేరుంటుంది, షిఫ్టు నంబరుంటుంది. బడ్జెట్ మీటింగులో జరిగే తప్పుకు ఉండవు. మీ దర్యాప్తులు పేరున్న తప్పునే ఎంచుకుంటున్నాయేమో ఒకసారి చూసుకోండి.

ఐస్‌లాండ్‌లో 2023 ఆగస్టు సంగతీ దీనికి దూరం కాదు. పాత్రెక్స్‌ఫ్యోర్దుర్‌లో ఒక కేజ్‌కు రెండు కన్నాలు. పోయినవి సుమారు 3,500 చేపలు, మీ లెక్కల్లో చిన్న ఘటనే. అవి దూరదూరపు నదుల్లో తేలాయి. చివరికి ఈటె తుపాకులు పట్టిన డైవర్లను నార్వే నుంచి పిలిపించి, నదుల్లో ఒక్కో చేపనూ వెతికి చంపించారు. వల ఎవరు చింపారన్నది ఒక ప్రశ్న. చిరిగిన వల అన్నాళ్లు ఎవరి కంటా పడకుండా ఎలా ఉందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. చేయి జారడం క్షణంలో జరుగుతుంది. దాన్ని కనిపెట్టకపోవడం వారాల తరబడి జరిగే పని, దానికి బాధ్యత తనిఖీ తేదీలు వేసేవాళ్లది.

ఇప్పుడు పేను సంగతి. ఇక్కడే మీ ఇద్దరితో పాటు ఇంకొకరిని కూడా పిలవాలి. ఒక్కో చేప మీద సగటున 0.5 కంటే ఎక్కువ ఎదిగిన ఆడ పేలు ఉండకూడదన్నది నిబంధన. వసంతంలో సహజ సాల్మన్ పిల్లలు సముద్రంలోకి వెళ్లే వారాల్లో అది 0.2. నది చేపను కాపాడటానికి పెట్టిన నిబంధన అది, దాన్ని సడలించమని నేను అడగడం లేదు. మందులకు పేలు లొంగకపోవడంతో ఇప్పుడు ఎక్కువగా వేడి నీళ్లతో, నీటి ధారలతో, బ్రష్‌లతో పేను తీయిస్తున్నారు. ఒక్కోసారి అలా చేయాలంటే అడుగు వలయం ఎత్తాలి, వలను పైకి లాగాలి. బంతులు గుచ్చిన లావుపాటి తాడును, అదే మనం కూలెరెక్కె అంటాం కదా, వల కిందుగా ఈ చివర నుంచి ఆ చివరకు నడిపి చేపలను ఒక పక్కకు చేర్చాలి. గొట్టంతో పీల్చి బోటులోకి పంపాలి, మళ్లీ కేజ్‌లోకి వదలాలి, మళ్లీ వల దించాలి, వలయం దించాలి. ప్రతి అడుగులోనూ వలకు ఏదో ఒకటి తగులుతుంది. ఏడాదిలో ఈ పని ఎన్నిసార్లు జరిగితే కన్నానికి అన్ని అవకాశాలు.

పేను లెక్క చూసేది ఆహార భద్రతా సంస్థ, మత్తిల్‌సినె. తప్పించుకోకుండా చూసేది మీరు. కేజ్ మీద నిలబడ్డ మనిషికి మాత్రం ఇద్దరూ ఒకేసారి వస్తారు. ఈ వారంలోగా పేను దిగాలి, వెల్‌బోటు దొరికింది ఈ రాత్రికే, గాలి చూస్తే పెరుగుతోంది. బోటును వెనక్కి పంపితే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అప్పుడు 'పర్లేదు, కానిద్దాం' అనే మాట వినిపిస్తుంది. ఆ మాట అన్నవాడు అజాగ్రత్త మనిషి అని రాసేస్తే తేలిగ్గా ఉంటుంది. నాకు తెలిసినంతలో ఆ మాట సాధారణంగా బాధ్యత ఎక్కువ ఉన్నవాడి నోటి నుంచే వస్తుంది.

చట్రం ఎంత తుఫానును తట్టుకోవాలో మీ ప్రమాణం అణువణువూ లెక్క కట్టింది. పని ఏ గాలి దగ్గర ఆపాలన్నది కాగితం మీద ఉన్నా, ఆ క్షణంలో ఆపేవాడికి దన్ను లేదు. పరిమితి దాటిందని కొలత చూపగానే పని దానంతటదే ఆగిపోవాలి. ఎవరూ ధైర్యం చేసి 'వద్దు' అనాల్సిన అవసరం రాకూడదు. వాతావరణం కారణంగా ఆపినప్పుడు పేను గడువు ఎన్ని రోజులు జరుగుతుందో మీరూ మత్తిల్‌సినె కలిసి ముందే రాసిపెట్టండి. కంపెనీలు వెల్‌బోటు ఒప్పందాల్లో వాతావరణం కోసం ఆగిన గంటలను పనిగంటలుగానే లెక్కించాలి. ఖర్చవుతుంది, తెలుసు. తప్పించుకున్న చేపను వెతకడానికి అయ్యే ఖర్చు కూడా మీదే కదా.

2025 ఫిబ్రవరిలో త్రోమ్స్‌లోని ద్యురోయ్ దగ్గర మోవి కంపెనీ కేజ్ నుంచి సుమారు 27,000 సాల్మన్ తప్పించుకున్నాయి. పట్టి తెచ్చిన ఒక్కో చేపకూ 500 క్రోనర్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. తప్పు పట్టడం లేదు, చేయదగిన పనే. కానీ నాకు అప్పుడే ఓ ఆలోచన వచ్చింది. బయటపడ్డ చేపకు 500 క్రోనర్లు. చేప బయటపడబోయే కన్నాన్ని ముందే చూసి చెప్పినవాడికి ఎంత? నేనెరిగినంతలో అతనికి దక్కేది ఫారాలు నింపే పని, ఒకట్రెండు చిటపటలు, 'నువ్వు దించిన షిఫ్టులోనే పడిందా?' అనే ప్రశ్న. అందుకే గొలుసు వలకు రాసుకుని, చిరగకుండా బయటపడ్డ రాత్రుల గురించి ఎవరూ చెప్పరు. అలాంటి రాత్రులు చిరిగిన రాత్రులకంటే ఎన్నో రెట్లు ఉంటాయి. అసలు పాఠం వాటిలోనే ఉంది, అదే మీకు అందడం లేదు.

వీటి కోసం మీరే ఒక ఏర్పాటు చేయండి. కంపెనీ ద్వారా కాకుండా నేరుగా చెప్పుకునేది, పేరు బయటపడనిది, నార్వేజియన్, ఇంగ్లిష్, పోలిష్, లిథువేనియన్ ఏ భాషలో మాట్లాడినా తీసుకునేది అయ్యుండాలి. ఫోన్‌లో రెండు నిమిషాల మాట, ఒక ఫొటో చాలు. మంచి నమ్మకం కుదిరేదాకా ఏడాది రెండేళ్లు పడుతుంది. ఆ ఏర్పాటులో అందిన మాట ఆధారంగా ఎవరికీ జరిమానా వేయకూడదు. మొదటి జరిమానాతోనే అది మూతపడుతుంది.

అజాగ్రత్తే లేదని వాదించబోవడం లేదు. తాగి క్రేన్ ఎక్కినవాడు, వల చూడకుండానే చూశానని టిక్కు పెట్టినవాడు ఉంటారు, శిక్ష పడాల్సిందే. అయితే వల చూడకుండా టిక్కు పెట్టినచోట కూడా ఒక్కసారి ఆగి అడగండి: ఆ రోజు అతనికి ఎన్ని కేజ్‌లు చూడమని ఇచ్చారు, ఎన్ని చూడటానికి వీలవుతుంది? నా పనిలో ఇది నాకు తెలిసిన లెక్క. ఒక కేజ్ వలను సరిగ్గా, కుట్లు, మూలలు, అడుగు వరకూ చూడాలంటే పట్టే సమయానికీ, రోజువారీ పట్టికలో ఇచ్చే సమయానికీ చాలాచోట్ల పొంతన కుదరదు. నీళ్లు మసకగా ఉన్న రోజున మరీ కష్టం.

లెక్కల మాట వచ్చింది కాబట్టి, ఇంకో అసౌకర్యమైన విషయం. 2005–2011 కాలానికి మీ దేశపు శాస్త్రవేత్తలే వేసిన అంచనా ప్రకారం నిజంగా తప్పించుకున్న చేపలు నివేదించినవాటికంటే రెండు నుంచి నాలుగు రెట్లు. అందరూ దాచారని దీనర్థం కాదు. కేజ్‌లో ఎన్ని వేశారో కచ్చితంగా తెలియనప్పుడు ఎన్ని పోయాయో ఎలా తెలుస్తుంది? చిన్న పిల్లలు వల కళ్లలోంచి ఒకటొకటిగా జారిపోతే ఏ అలారమూ మోగదు. పిల్లల సైజు కొలిచి దానికి తగిన వల కన్ను ఎంచడం ఒడ్డు మీద ఆఫీసులో జరిగే పని. అక్కడ సగటు బరువు చూసి వల ఎంచితే, సగటు కంటే చిన్నవి పోతాయి. ఇది కేజ్ మీద పనివాడి తప్పుగా ఎప్పటికీ రికార్డు కాదు. అసలు రికార్డే కాదు.

మూసిన కేజ్‌లు, ఒడ్డు మీద ట్యాంకులు వస్తే ఈ గొడవే ఉండదని మీ సమావేశాల్లో తరచూ వింటున్నాను. పేను తగ్గుతుంది, నిజం. కానీ ఒడ్డు మీది హేచరీల నుంచి కూడా చేపలు పోయాయని మీ లెక్కలే చెబుతున్నాయి. అక్కడ కన్నం బదులు జాలీ సరిగ్గా బిగించని కాలువ, తెరిచి మరిచిన వాల్వు ఉంటాయి. తెరిచి మరిచిన వాల్వు పక్కన కూడా ఒక పేరే ఉంటుంది.

మన తెలుగు పాఠకులకు ఒక మాట. వరద వచ్చి గట్టు దాటితే చేపలు కాలువల పాలు కావడం మనకు కొత్తేమీ కాదు. శీలావతి, బొచ్చె పోతే రైతు నష్టంతో ఆగుతుంది. కానీ మన చెరువుల్లో రూప్‌చంద్ ఉంది, పంగాసియస్ ఉంది, తిలాపియా ఉంది. ఇవి మన నదుల జాతులు కావు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌నైతే నిషేధించినా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. ఎన్ని పోయాయో రాసే పుస్తకం మనకు లేదు, అడిగే అధికారీ లేడు. నార్వే మొదటి మెట్టు, అంటే పోయిందని చెప్పడం, ఇరవై ఏళ్ల కిందటే ఎక్కింది. జలాశయాల్లో కేజ్‌లు పెరుగుతున్న ఈ రోజుల్లో మనం ఆ మెట్టు దగ్గరైనా మొదలుపెట్టాలి. రెండో మెట్టు గురించే ఈ లేఖ, మనవాళ్లకు అదీ త్వరలోనే పనికొస్తుంది.

అధికారులకు మళ్లీ. ఘటన తర్వాత కంపెనీ మీకిచ్చే నివేదికలో ఇవి తప్పనిసరి చేయండి: ఆ పనికి ఎంతమంది కావాలని ప్రణాళికలో ఉంది, ఎంతమంది ఉన్నారు. చివరి పని చేసినవాడు షిఫ్టులో ఎన్నో గంటలో ఉన్నాడు. ఆ బోటు, ఆ పరికరం అతనికి ఎంత అలవాటు. గాలి, ప్రవాహం ఎంత, పరిమితి ఎంత. పని వాయిదా వేసే అవకాశం చర్చకు వచ్చిందా, వద్దని ఎవరన్నారు. వల చివరిసారి ఎప్పుడు చూశారు, ఎవరు చూశారు, వీడియో ఉందా. ఈ గడులు ఖాళీగా ఉంటే నివేదికను వెనక్కి పంపండి. 'సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇచ్చాం' అన్నది ఒక్కటే దిద్దుబాటుగా ఉంటే, అది దిద్దుబాటు కింద చెల్లదని రాసిపెట్టండి.

కంపెనీలకు నేను అడిగేది ఇంకా తక్కువ. ఒక సంస్థలోని బోట్లన్నింటిలో వించ్ మీటలు ఒకే తీరున తిరిగేలా చేయించండి. ఇది ఒక్క చలికాలంలో అయిపోయే పని. అడుగు వలయం తాళ్ల మీద లోతు గుర్తులు రంగుల్లో వేయించండి, చీకట్లో కూడా ఏ వైపు ముందుందో తెలిసేలా. పేను పని అయ్యాక వెల్‌బోటు కదిలేలోపే వలను కెమెరాతో చూడాలి, మర్నాడు పొద్దున కాదు. కొన్ని కంపెనీలు ఇప్పటికే ఇలా చేస్తున్నాయి, తేడా మాకు తెర మీద కనిపిస్తోంది.

కొత్త ఫారం ముసాయిదా తయారైతే దాన్ని సలహాదారు సంస్థలకు పంపే ముందు, కేజ్‌ల మీద పనిచేసే నలుగురిని పిలిచి వాళ్ల చేతికివ్వండి. వాళ్లలో కనీసం ఇద్దరు నార్వేజియన్ మాతృభాష కానివాళ్లు ఉండాలి. పిలిచేదేదో సెప్టెంబరులోపు పిలవండి. తుఫానులు మొదలయ్యాక మాలో ఎవరికీ బెర్గెన్ దాకా వచ్చే తీరిక ఉండదు.

ఇట్లు,
వల తనిఖీ పనిలో ఉన్న ఒక తెలుగువాడు,
ఫ్రోయా, నార్వే